తోడల్లుడి వల

చెత్త కోసం కూడా కుళ్ళుకునే మనిషి ఉంటాడా అంటే, ఉండాడు. ఆత్మకూరు పక్కన బొగ్గేరు వాగు గట్టు మింద చేపలు పట్టుకుని బతికే సుందరయ్య. పోనీ ఎవుర్ని చూసి కుళ్ళినాడు? సొంత తోడల్లుడు మాల్యాద్రిని చూసి!

సుందరయ్య పెళ్ళాం అలివేలమ్మ. ఆమె చెల్లెల్ని మాల్యాద్రికిచ్చినారు. వాళ్ళ ఊరు వాగుకి పైన, ఉదయగిరి కొండల కింద. ఆ పెళ్ళయిన కాణ్ణించి అత్త ఆదిశేషమ్మ నోట్లో ఒకటే పేరు. మాల్యాద్రి మర్యాదస్తుడంట, మాల్యాద్రి మాట మెత్తనంట. పెద్దల్లుడనే వాడొకడు ఉండాడని ఆయమ్మకి గుర్తే రాదు. ఆమె నోట ఒక్కసారి 'మా పెద్దల్లుడు' అనిపించుకోవాలని సుందరయ్య మొహం వాచి ఉండాడు.

సరిగ్గా అప్పుడొచ్చినారు సముద్రం మింద వేటాడే చేపలోళ్ళు. తొంభై ఏడో, తొంభై ఎనిమిదో సంవత్సరం. వాళ్ళ సంఘం పెద్ద వరప్రసాదం, వాగు పెన్నలో కలిసే సంగం ఊళ్ళో మీటింగు పెట్టి, వాగు పొడుగునా ఉండే ఊళ్ళన్నిట్నీ పిలిపించినాడు.

"మీరు వాగులో పారేసిన ప్లాస్టిక్ కవర్లు పెన్న మోసుకొచ్చి మా నెత్తిన పోస్తా ఉండాది. వల లాగితే చేపలకంటే కవర్లే ఎక్కువ. మేం ఒక్కళ్ళం ఏరితే అయ్యే పని కాదు. పాత వలలు మేమిస్తాం, వాగుకి అడ్డంగా మీరు కట్టండి. అందరం కలిస్తేనే అయితాది," అన్నాడు.

అందరూ సరేనన్నారు. ఎవుడి వలలో ఎక్కువ చెత్త ఆగితే వాడికి జనవరిలో సంగంలోనే పూలమాల అని కూడా అనుకున్నారు.

పైన మాల్యాద్రి వల, కింద సుందరయ్య వల. వాగేమో ఒకటే. ఇంకేముంది! వచ్చిన కవరు వచ్చినట్టే పైన ఆగిపోతా ఉండాది. ఆగిన చెత్త తోలకపోను ట్రాక్టరు వచ్చినప్పుడల్లా మాల్యాద్రి గోతాలకి గోతాలు ఎత్తతాడు. సుందరయ్య దగ్గర ఏముంటాది? రెండు పాల కవర్లు, తెగిన చెప్పు.

"ఏంది సుందరయ్యా, వల కట్టినావా, ఉయ్యాల కట్టుకుని నిద్రపోతా ఉండావా?" అని ట్రాక్టరు డ్రైవరు పళ్ళికిలిస్తాడు.

"నీ వల ఖాళీగా ఉంటే మంచిదే గదయ్యా," అన్నాది అలివేలమ్మ. "నీళ్ళు శుభ్రంగా పోతాండాయని గదా అర్థం. దానికీ ఏడుపేనా?"

"మంచిదే! మాల మాత్రం వాడి మెళ్ళో. వాడికి దిష్టి తియ్యను మీ అమ్మ సంగం దాకా పరిగెత్తుకుంటా వస్తాది చూడు," అని సుందరయ్య కసిరినాడు.

కార్తీకంలో కొండల మింద మబ్బు పట్టినాది. సుందరయ్య తెల్లారి మొదటి బస్సెక్కి తోడల్లుడి ఊళ్ళో దిగినాడు. చుట్టపు చూపుగా పోయినోడు ఇంటికి గదా పోవాల? ఈయన నేరుగా వాగులోకి పోయినాడు. వల నిండా చెత్త ఉబ్బిపోయి ఉండాది.  ఇది వాడి కష్టమా? పై ఊళ్ళో ఉన్నందుకు వచ్చిన పేరు గదా! అని తిట్టుకుంటా గుంజకి కట్టిన తాడు ముడి ఇప్పేసినాడు. అంతా వద్దు, కొంచెం కిందికొస్తే చాలు, నా వాటా నాకొస్తాది అనుకున్నాడు.

వాగుకి వాటాలు తెలుస్తాయా? ఆయన గట్టెక్కినాడో లేదో కొండల మించి ఎర్రటి నీళ్ళు దిగినాయి. మధ్యాహ్నానికల్లా మాల్యాద్రి వల చెత్తతో సహా ఊడొచ్చి సుందరయ్య వల మింద పడినాది. ఆ బరువుకి అదీ తెగినాది. రెండు వలలూ, ఇన్నాళ్ళూ ఆపిన చెత్తా కలిసి పెన్నలో పడి పోయినాయి. అప్పటికి బస్సులో తిరిగొచ్చిన సుందరయ్య నెత్తిన చేతులు పెట్టుకుని తన గట్టు మింద కూలబడినాడు.

జనవరి మీటింగులో వరప్రసాదం ఒక వల తెచ్చి అందరి ముందర పరిచినాడు. "మేమిచ్చిన వలే. మళ్ళా మాకే వచ్చినాది. దీంట్లో చుట్టుకుని సముద్రపు తాబేళ్ళు ఊపిరాడక చచ్చినాయి. దీని ముడి ఎవురు కట్టినారు?"

మాల్యాద్రి లేచినాడు. "నేనే. గట్టిగా కట్టుకోలేకపోయినా. తప్పు నాదే," అని కళ్ళు తుడుచుకున్నాడు.

నాలుగు తిట్లు తింటాడనుకుంటే ఒక్కడూ తిట్టలేదు. "ఒప్పుకున్నాడు చూడు, మనిషంటే అట్టుండాల," అన్నారు. అలివేలమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చినాది. ఆదిశేషమ్మ కొంగు కళ్ళకద్దుకున్నాది. వరప్రసాదం మాల చేతికి తీసుకుని, "తప్పు ఒప్పుకున్నోడే రేపు గట్టిగా కడతాడు. ఈ మాల ఇతనికే," అన్నాడు.

సుందరయ్య నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఎవురికీ తెలీదు. కానీ ఎట్టుంటాడు? తప్పు తను చేస్తే దానికొచ్చిన మెప్పు కూడా వాడికేనా? ఒళ్ళంతా మండిపోయి ఎగిరి నిలబడినాడు.

"ఆపండి! వాడు కాదు! ఆ ముడి ఇప్పింది నేను!"

అందరూ ఆయన వైపు తిరిగినారు. తర్వాత వెనకాల్నించి ఎవురో ముసలాయన, "చూసినారా, తోడల్లుడి మింద మాట పడనీకుండా తన మింద ఏసుకుంటా ఉండాడు," అన్నాడు. చప్పట్లు మోగినాయి.

"కాదయ్యా! నిజం చెప్తాండా! బస్సెక్కి పోయి మరీ ఇప్పినా!"

"ఊరుకో సుందరయ్యా, నువ్వట్టాంటోడివి కాదని మాకు తెలీదా?"

ఆదిశేషమ్మ జనాన్ని తోసుకుంటా వచ్చి ఆయన మొహం రెండు చేతుల్తో నిమిరి, "మా పెద్దల్లుడయ్యా!" అని అందరికీ చూపించినాది. వరప్రసాదం మాల తెచ్చి సుందరయ్య మెళ్ళో ఏసినాడు. అలివేలమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆ పొద్దు మొగుడు ఏ బస్సెక్కినాడో ఆమెకి తెలుసు.

మాల్యాద్రి వచ్చి కౌగిలించుకుని చెవిలో మెల్లగా అన్నాడు. "నువ్వు ఇప్పతా ఉండేది గట్టు మింద్నించి చూసినాలే అన్నా. నేను దిగొచ్చేలోపే వాగొచ్చేసినాది. ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ అని చెప్పలేదు."

సుందరయ్యకి సిగ్గేసినాది. ఆ సిగ్గులోనే మళ్ళా కుళ్ళు పుట్టినాది. ఇందులో కూడా వీడే పైనున్నాడే! మాల మెళ్ళో ఉంచుకోలేక లాగి మాల్యాద్రి మెళ్ళో ఏసేసి, ఎవురి మొహమూ చూడకుండా బయటికి నడిచినాడు.

దానికీ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు.