జాయినింగ్ రోజు థింసా

మా ఊరి గాసి భార్య సోములమ్మ డోలీలోనే పోయింది. కాన్పు కష్టమైతే కొండ దించి, వాగు దాటించి గుమ్మలగుడ ఆస్పత్రి గుమ్మం దాకా మోసుకొచ్చాం. తలుపుకి తాళం. పక్కన బోర్డు మీద డాక్టరు పేరు మాత్రం నిగనిగలాడుతోంది. ఆ మహానుభావుడు డెప్యుటేషన్ మీద విశాఖపట్నంలో ఉన్నాడు. పోస్టు మాది, వైద్యం బీచ్ రోడ్డు జనానిది. కాగితం మీద ఖాళీ లేదు కనక ఇంకో డాక్టర్ని ఇవ్వరు. ఇంత తెలివి దొంగలకి కూడా ఉండదు.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ, మా వెర్రితనం కూడా వినండి. కొత్త డాక్టరు వచ్చినప్పుడల్లా మేమే థింసా ఆడుతూ ఎదురెళ్ళేవాళ్ళం. చుట్టాన్ని బాగా చూసుకుంటే ఉండిపోతాడని మా నమ్మకం. నాటుకోడి కోసేవాళ్ళం. పసుపు, కాఫీ గింజలు మూటగట్టి ఇచ్చేవాళ్ళం. దొరలు ఫొటోలు దిగి, మూటలు కార్లో పెట్టించుకుని ఆ సాయంత్రమే ఘాట్ రోడ్డు దిగిపోయేవారు.

సోములమ్మ పోయాక ఆ డాక్టర్ని బదిలీ చేశారు, మళ్ళీ కబురొచ్చింది. పెద్దాఫీసరు దేవీప్రసాద్ గారు స్వయంగా కొత్త డాక్టరమ్మని తెస్తున్నారట. ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని థింసాకి సిద్ధంగా ఉండాలట.

ఊరంతా కూర్చున్నాం.

"నానాడను," అంది గాసి చెల్లెలు నిర్మల. ఆమె కూతురు బేబికి నెలలు నిండాయి. "మా వదిన్ని సంపినోల్లకి డేన్సేటి?"

"ఆడకపోతే కోపమొచ్చి ఎలిపోద్ది," అన్నాడొక ముసలాయన.

"ఆడితే ఎవులున్నారేటి తాతా?"

చివరికి గాసి నోరు తెరిచాడు. "ఆడండి. ఆల్లు బండెక్కినాక మాత్రం ఆపొద్దు."

ఆ మాటకి ఊరంతా లేచింది. థింసాలో ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు పెనవేసుకుంటారు. ఒకరిని లాగితే వరసంతా వస్తుంది.

దేవీప్రసాద్ ఆస్పత్రికి వచ్చాడు. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, గిరిజనులంటే తనకి ప్రాణమని ఉపన్యాసం దంచాడు. డాక్టరమ్మ పేరు భానుశ్రీ, చిన్న పిల్ల. దండ వేయించుకుంది, సంతకం పెట్టింది, ఆఫీసరు వెనకే వెళ్ళి జీపెక్కి కూర్చుంది.

"డాక్టరమ్మని ఎక్కడికి అట్టుకుపోతన్నారు?" గాసి అడిగాడు.

"జాయినింగ్ అయింది కదయ్యా. పట్నంలో స్టాఫ్ తక్కువ. వారానికోసారి వస్తుందిలే."

డప్పు మోగింది. ఆడవాళ్ళు జీపు చుట్టూ తిరగడం మొదలెట్టారు. దేవీప్రసాద్ మురిసిపోయి చప్పట్లు కొట్టాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. వరస విడలేదు.

"చాలమ్మా, బాగా ఆడారు. తప్పుకోండి."

"ఇంకా అవ్వనేదు బాబూ," అంది నిర్మల. "డాక్టరమ్మా, నీకు నీల్లు మోత్తాం, కర్రలు తెత్తాం, రేతిరి గుమ్మం కాడ కాపలా పడుకుంటాం. నా బేబి నీల్లాడేదాకా అయినా ఉండమ్మా."

భానుశ్రీ తల వంచుకుంది.

"ఉండడానికి ఇక్కడేముంది?" ఆఫీసరు విరుచుకుపడ్డాడు. "కరెంటుందా? సిగ్నలుందా? మనుషులు ఉండే చోటేనా ఇది?"

"మరి మేవెలగుంతన్నాం?" అన్నాడు గాసి.

"మీకు అలవాటు!"

"ఏటలవాటు? సావడమా?"

మేమంటే ప్రాణమన్నవాడు ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం జీపులోనే అటూ ఇటూ ఊగాడు. చివరికి బందోబస్తుకొచ్చిన పోలీసులే కలగజేసుకున్నారు. నిర్మలని జుట్టు పట్టి లాగారు. వరసంతా కదిలొచ్చింది కానీ తెగలేదు. లాఠీలతో మోచేతుల మీద కొట్టి, ఆమెనీ అడ్డమొచ్చిన గాసినీ వ్యానులో పడేశారు.

అమ్మ ఖాళీ చేసిన చోట బేబి వచ్చి నిలబడింది. నిండు పొట్టతో, అటొకరి నడుమూ ఇటొకరి నడుమూ పట్టుకుని అడుగు వేసింది.

జీపు తలుపు తెరుచుకుంది. "ఆ అమ్మాయిని ఆపండి! ఆడకూడదు, ప్రమాదం!" భానుశ్రీ అరిచింది.

"దిగొచ్చి నువ్వే ఆపు," అంది బేబి.

డప్పు ఆగలేదు. డాక్టరమ్మ దిగింది. వెనక నుంచి ఆఫీసరు, "నీ ఉద్యోగం జాగ్రత్త!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆమె వెళ్ళి బేబి చెయ్యి పట్టుకుంది.

జీపుకి దారిచ్చాం. ఆయనొక్కడే వెళ్ళాడు.

నిర్మల, గాసి ఇంకా జైల్లోనే ఉన్నారు. బేబికి ఆడగుంట పుట్టింది, ఆస్పత్రిలోనే. ఆఫీసరు మాట వినలేదని డాక్టరమ్మకి మెమో వచ్చింది. దాన్ని రద్దు చేయించడానికి ఊరంతా పట్నం బయల్దేరుతున్నాం. కొండ అవతలి ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి, వాళ్ళ ఆస్పత్రిలోనూ రేపు డాక్టరు జాయినింగ్ ఉందట, మీ డప్పులోళ్ళని పంపుతారా అని అడిగారు.

పంపాం.