సప్పుడు లేని కాడికి

పెళ్లయి అయిదు నెలలైనా మా ఆయన నాతో నోరు విప్పి మాట్లాడింది లేదు. ఆయన పేరు కురుమూర్తి. ఇల్లు అయిజలో, పని గద్వాల రోడ్డు మీదున్న పత్తి జిన్నింగు మిల్లులో. నేనేమో వనపర్తి బస్టాండు వెనక సందులో పుట్టి పెరిగాను. మా పుట్టింట్లో అందరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరూ వినరు, అయినా అందరికీ అన్నీ తెలిసిపోతాయి. అలాంటి కొంపలోంచి వచ్చి ఇలాంటి మౌనముని పక్కన పడ్డాను.

మా అత్తమ్మ హన్మమ్మ మంచిదే, గొంతు మాత్రం పెద్దది. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ల ముందు కోడలు మొగుడి మొహం చూసి మాట్లాడకూడదు. ఏం చెప్పినా తలుపు చాటు నుంచో, వెనక నుంచో, అత్తకు చెప్పినట్టో చెప్పాలి. డిగ్రీ చదివినదాన్ని, నాకివన్నీ ఏమిటని ఒళ్లు మండింది. కానీ పంపించేటప్పుడు మా అమ్మ కూడా ఇదే నూరిపోసింది కదా, సరేలెమ్మని పాటించాను. గిన్నెలు తోముతూ, వంచిన తల ఎత్తకుండా, "ఇగో, అన్నం పెట్టాల్నా?" అనేదాన్ని. జవాబు ఉండేది కాదు. అత్తమ్మ పోయి భుజం తట్టి, "అన్నం తింటవా బిడ్డా?" అని వీధి చివరికి వినపడేలా అడిగితే మాత్రం చటుక్కున లేచి వచ్చేవాడు. తల్లంటే ప్రాణం, నేనంటే లెక్కలేదు అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

గదిలో మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. మిల్లు పని జోరుగా ఉన్నన్నాళ్లూ వచ్చీ రాగానే నిద్రపోయేవాడు. ఎండలు ముదిరాక కూలరు తెచ్చారు. అది పాత లారీలా మోగేది. లైటు ఆర్పాక ఆ మోతలో నేను మా ఇంటి సంగతులన్నీ చెప్పుకుపోతుంటే, ఆయన వెల్లకిలా పడుకుని ఊ కూడా కొట్టేవాడు కాదు. పగలు ఫోను చేస్తే ఎత్తేవాడు కాదు. కాసేపటికి 'పనిల ఉన్న' అని మెసేజి వచ్చేది. సాయంత్రం మాత్రం అడక్కుండానే ముంజలు తెచ్చేవాడు. నచ్చని పెళ్లానికి ముంజలెందుకో నాకు అర్థం కాలేదు.

అవును, నేను ఆయనకు నచ్చలేదనే అనుకున్నాను. అదే నా దిగులు. నాగర్‌కర్నూలులో ఉండే మా అక్క పద్మజకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

మిల్లు సీజను అయిపోయిన వారంలోనే, నేను పొయ్యి గట్టు తుడుస్తుంటే ఆయన ఎదురుగా వచ్చి నిలబడి ఫోను నా మొహం ముందు పెట్టాడు. అత్తమ్మ ఇంట్లో లేదు. ఫోనులో ఒక ఫొటో ఉంది. ఇసుక, నీలం నీళ్లు, గొడుగు కింద రెండు కుర్చీలు. మనిషన్నవాడు లేడు.

"పోదామా? బాపట్ల దిక్కు. రెండు దినాలు."

"పోతే వైజాగ్ పోదాం" అన్నాను టక్కున.

నా మనసులో వైజాగే ఉంది. స్నేహితురాలు పంపిన వీడియోలు ఎన్నిసార్లు చూశానో. హార్బరులో మేడలంత ఓడలు, వాటి మీంచి పెట్టెలు ఎత్తే క్రేన్లు, తెల్లారకముందే చేపల వేలంపాటల్లో అరుపులు, బీచి రోడ్డు నిండా జనం, బజ్జీల బండ్లు, లోపలికెళ్లి చూడగలిగే జలాంతర్గామి. ఇవన్నీ చేతులు తిప్పుతూ చెప్పాను. ఆయన నా నోటి వంకే కన్నార్పకుండా చూశాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

"ఆడ మస్తు సప్పుడు ఉంటది" అన్నాడు చివరికి. ఫోనులో ఫొటో చూపించి, "గీడ ఉండదు" అన్నాడు.

మొదటిసారి నేను చెప్పిందంతా విన్నాడు, విని కాదన్నాడు. అక్కకు ఫోను చేశాను.

"వైజాగే పోండే. ఒట్టి ఇసుకల కూసోని ఏం జేస్తరు, ఒకరి మొఖం ఒకరు జూసుకుంటరా?" అంది.

అక్క నవ్వుతూనే అంది గానీ, నా భయం కూడా అదే. వైజాగులోనైతే చూడ్డానికి ఓడలుంటాయి, జనం ఉంటారు. ఆయన మాట్లాడకపోయినా రోజు గడిచిపోతుంది. ఎవరూ లేని చోట ఆయన మాట్లాడకపోతే, నేను నచ్చలేదన్నది తేటతెల్లమైపోతుంది. ఆ తర్వాత దాన్ని కాదనుకోవడానికి నాకేమీ మిగలదు.

కొన్నాళ్లు పంతం నడిచింది. నేను ముభావంగా ఉన్నాను. ఆయన ఎప్పుడూ అలాగే ఉండేవాడు కాబట్టి తేడా తెలిసింది నాకు ఒక్కదానికే. అత్తమ్మ ఎటూ కాకుండా, "రెండింట్ల గుడి ఏడుంటె ఆడికే పోండి" అంది. చివరికి ఆయనే మళ్లీ నా ఎదురుగా వచ్చాడు.

"నువ్వు, నేను. సప్పుడు లేని కాడికి. ఒక్కసారి పోదాం. వైజాగ్ మల్ల పోదాం" అన్నాడు. అన్నాక కూడా పోకుండా జవాబు కోసం అక్కడే నిలబడ్డాడు.

అంతగా అడిగితే కాదనలేకపోయాను. అక్కకు మాత్రం తేల్చి చెప్పాను. "ఆడ కూడ నోరు ఇప్పకుంటె, ఆడికెల్లి సీదా వనపర్తికే వస్త. మల్ల అయిజ పోను." అక్క వద్దనలేదు.

మేమిద్దరం అంతవరకూ సముద్రం చూడలేదు. పెద్ద నీళ్లంటే మాకు జూరాల డ్యామే. ఎండాకాలంలో అది కదలకుండా పడి ఉంటుంది, ఒడ్డున కొంగ ఎగిరినా వినిపిస్తుంది. సముద్రమంటే అదే, ఇంకాస్త పెద్దది అనుకున్నాం. సినిమాల్లో చూడలేదా అంటే చూశాం. సినిమాలో ఎప్పుడూ దాని మీద పాట వస్తుంటుంది, ఇక దాని చప్పుడు ఎవరికి తెలుస్తుంది?

కర్నూలు మీదుగా గుంటూరు, అక్కడి నుంచి బాపట్ల, చివర ఆటో. దిగేసరికి సాయంత్రమైంది. రిసార్టు గేటు దగ్గరే ఒక హోరు మొదలైంది. దగ్గర్లో హైవే ఉందేమో, లారీలు పోతున్నాయేమో అనుకున్నాను. గది తాళం ఇచ్చిన పెద్దాయన వెంట సరుగుడు చెట్లు దాటి ఇసుకలోకి వచ్చాం. అక్కడ చూశాం దాన్ని. తెల్లగా లేచి విరిగిపడటం, మళ్లీ లేవడం. పక్కనున్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వచ్చింది.

మా ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. పెద్దాయన వైపు తిరిగి, "గీ సప్పుడు ఎప్పుడు బందైతది?" అని అడిగాడు.

పెద్దాయన ఇది పరాచికం అనుకున్నాడు. "సముద్రం కదండీ, అదెందుకు ఆగుతుంది?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

నాకూ నవ్వొచ్చింది. కానీ మా ఆయన ఇసుకలో కూలబడి తల పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు. మగవాడు ఇలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసి పక్కన కూర్చున్నాను.

"నాకు ఇనరాదు అఖిలా" అన్నాడు. "మిల్లు మోతకు ఎడమ చెవి మొత్తం పోయింది. కుడిది జర పనిజేస్తది, సప్పుడు లేకుంటె. ఎదురుంగ ఉండి మాట్లాడితె మొఖం జూసి తెలుసుకుంట. నువ్వేమో ఎప్పుడు జూసినా అటు దిరిగే మాట్లాడ్తవ్. ఏమన్నవో తెల్వదు. తప్పు జవాబు చెప్తె దొరికిపోత అని గమ్మునుంటి. గీడ సప్పుడు లేని కాడ కూసోని, నువ్వు చెప్పేదంత ఇని, ఆ తర్వాత ఈ సంగతి చెప్దామనుకున్న. గీడ జూస్తె గిట్లుంది."

ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. "పెండ్లికి ముందే ఎందుకు చెప్పలే?" అని అరిచాను. ఆయన ఇసుక వైపే చూస్తున్నాడు. వినలేదు. గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పి మళ్లీ అడిగాను.

"చెప్తె చేసుకుంటుంటివా?"

చేసుకునేదాన్నే అనాలి. కానీ నిజంగా నాకు తెలియదు. లేచి నీళ్ల అంచు వెంబడి నడిచాను. ఈయన మీద కోపం, తెలిసి దాచిన అత్తమ్మ మీద కోపం, తల వంచుకో తల్లీ అని పంపిన మా అమ్మ మీద అంతకంటే కోపం. గిన్నెలకూ గోడకూ నా కష్టసుఖాలు చెప్పుకుంటూ అయిదు నెలలు గడిపాను. ఆ అయిదు నెలలూ ఈ మనిషి నా వీపు చూస్తూ, నేనేమంటున్నానో అని కొట్టుకులాడాడు. అది తలుచుకుంటే కోపం పోలేదు గానీ, జాలి దాన్ని మించిపోయింది.

తిరిగొచ్చి ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నేను నీకు నచ్చలేదనుకున్న" అన్నాను. అర్థం కాలేదు. గొంతు చించుకుని మళ్లీ అన్నాను. అలల్లో కలిసిపోయింది. అరవడం మానేసి మెల్లగా, ఒక్కో మాటా పెదవుల మీద కనిపించేలా అన్నాను. ఈసారి అందుకున్నాడు. ముందు తెల్లబోయాడు, తర్వాత తన గొంతు ఎంత లేస్తోందో తనకే తెలియక గట్టిగా అరిచాడు.

"నచ్చకుంటె గింత దూరం ఎందుకు తోల్కొస్తనే!"

అటుపక్క మొక్కజొన్న కంకులు తింటున్న కుటుంబమంతా మా వైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అక్కడి నుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం వెలుగున్నంతసేపూ చెప్పాను. ఒక్కో మాట రెండేసి మూడేసి సార్లు చెప్పాల్సి వచ్చింది, చెప్పాను. మొదట తిట్లు, తర్వాత మిగతావి. రెండో రోజూ అంతే. ఇంటికొచ్చాక సముద్రం ఎలా ఉందని అందరూ అడిగారు. వచ్చేటప్పుడు కాస్త, పోయేటప్పుడు కాస్త చూశాను. ఉన్న రెండు రోజులూ ఆయన మొహానికి ఎదురుగా కూర్చున్నాను కదా, సముద్రం నా వెనక ఉంది.