గుండు కొట్టించుకున్న మిట్టపేట

ఆనంద విహార్ గేటు కాపలావాడు లాఠీతో ఒక్క పోటు పొడిచేసరికి నీళ్ళకని వచ్చిన తిరుమలమ్మ చంకలోని కడవ పగిలి కింద పడింది. ఆ ముసలామె చేయి చంక దగ్గర అట్లాగే వంచుకుని నిలబడిపోయింది. లోపల ఫౌంటెన్ సినిమా పాటకు తగ్గట్టు ఎగిరెగిరి పడుతోంది. ఆ నీళ్ళు ఎక్కడివో చూస్తూ నిలబడ్డ మునిలక్ష్మికి తెలుసు. అవి మిట్టపేట బావి నీళ్ళు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు ఎండాకాలం అది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన పరంధామయ్య అనే కాంట్రాక్టరు హోటలు, సినిమా హాలు, బట్టల అంగళ్ళు, బొమ్మల అంగళ్ళు, తోట, అన్నీ ఒకే ప్రహరీ లోపల కట్టించి ఆనంద విహార్ అని పేరు పెట్టాడు. దర్శనం చేసుకుని కొండ దిగిన యాత్రికులు తినడానికి, తిరగడానికి, జేబు ఖాళీ చేసుకోవడానికి. మరి కట్టిందెవరయ్యా అంటే, వెనకనున్న మిట్టపేట గుడిసెల వాళ్ళు. పునాదులు తీసింది వాళ్ళు, గచ్చు మోసింది వాళ్ళు. వాళ్ళ తాతలు గడ్డపారలతో రాయి పగలేసి తవ్వుకున్న బావి ఆ స్థలంలోనే ఉంది. మీ బావి మీదే, గోడలో మీకొక వాకిలి వదుల్తానని పరంధామయ్య పని నడిచినన్నాళ్ళూ చెప్తూనే వచ్చాడు. గోడ లేచింది. వాకిలి మాత్రం లేదు. బావి మీద ఇనుప మూత పడింది, మోటారు కూర్చుంది. ఆడవాళ్ళు రైలు కట్ట దాటి పోయి బురద నీళ్ళు తోడుకొచ్చుకుంటున్నారు. ఆ నీళ్ళు తాగి పేటలో అప్పటికే ఇద్దరు పసివాళ్ళు పోయారు.

మునిలక్ష్మి మొగుడు ఎల్లప్ప తాపీ మేస్త్రీ. కూలీల సంఘానికి పెద్ద. వాకిలి మాట ఏమైందని పదిమందిని వెంటబెట్టుకుని అడగబోతే, హోటల్లో దొంగతనం చేశాడని కేసు పెట్టించారు. అప్పట్నించి పాకాలలో చుట్టాల ఇంట్లో తలదాచుకుంటున్నాడు. పోలీసులు పేటకు ఎప్పుడొచ్చినా అడిగేది ఆ ఒక్క పేరే. వాళ్ళ చేతికి చిక్కితే మొగుణ్ణి మళ్ళీ నడిచే మనిషిగా చూడనని మునిలక్ష్మి భయం.

కడవ పగిలిన కబురు విని ఎల్లప్ప మర్నాడు మధ్యాహ్నం రైలు దిగి, చేలకు అడ్డంపడి పేటకు వచ్చేశాడు. వేపచెట్టు నీడన సంఘం కూడింది. లోపలికి పోయి బావి దగ్గర కూర్చోవాలి, నీళ్ళు తోడాలి, వాకిలి పెట్టేదాకా లేవకూడదు. అంతవరకు అందరిదీ ఒకే మాట. కానీ గేటు దాటేదెట్లా? పేటలో ప్రతి మొహమూ కాపలావాడికి తెలుసు. గోడ దూకుదామన్నారు కుర్రకారు. దూకితే దొంగలనే కదా కేసు, ఆడవాళ్ళు దూకుతారా అని పెద్దవాళ్ళు. మాటా మాటా పెరిగింది.

"వాడు మొగాలు సూసేది మనవే. గుండు కనబడితే మొగం సూడ్డు, సలాం కొడతాడు," అంది మునిలక్ష్మి. "మనమూ గుండ్లు కొట్టించుకుందాం. గంధం పూసుకోని దర్జాగా గేట్లోంచే పోదాం."

 మొదట అడ్డం తిరిగింది గంగాధరం. యూనివర్సిటీలో చదువుతూ సంఘానికి కరపత్రాలు రాసిపెట్టే పిల్లాడు. మొక్కులూ ముడుపులూ వద్దని జనానికి చెప్పే మనమే గుండ్లు గీయించుకుంటే సిద్ధాంతం ఏం కావాలని వాదించాడు. గచ్చు మోసే ఆనందమ్మ అతని వంక ఎగాదిగా చూసి, సిద్ధాంతం సంగతేమో గానీ వీడికి క్రాపు పోతుందని బెంగ అనేసింది. జనం గొల్లుమన్నారు. గంగాధరం ఎర్రబడి, పోయి మంగలి చెంగల్రాయుడి ముందు అందరికంటే ముందు కూర్చున్నాడు.

ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి చెంగల్రాయుడి కత్తి ఆగింది. ముత్తైదువలు, మొక్కు లేకుండా తల తీయించుకుంటే నలుగురూ ఏమంటారని నసిగాడు.

"మొక్కు ల్యాకేమన్నా? నీళ్ళకి మొక్కుకున్న్యా. కానీయ్," అని మునిలక్ష్మి తల వంచింది.

మోకాళ్ళ దాకా జారే జుట్టు ఆమెది. కుప్పగా ఒళ్ళో పడుతుంటే ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, ఆపొద్దన్నా అంది. ఎల్లప్ప మీసం కూడా తీయించుకుని ఎదురుగా నిలబడితే పరాయి మగాడేమోనని ఆమె కొంగు సర్దుకుంది. ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది.

మర్నాడు సాయంత్రం, జనం రద్దీలో, నలుగురైదుగురుగా విడిపోయి బయల్దేరారు. మూటల్లో ప్రసాదానికి బదులు చేదలు, చేంతాళ్ళు, ఒక పొట్టి గునపం. తిరుమలమ్మను మొన్న గేటు బయట నిలబెట్టిన కాపలావాడే ఇవాళ ఆమె గుండుకు సలాం కొట్టి, దారి అటు అమ్మా అన్నాడు. మునిలక్ష్మి తాను గచ్చు మోసిన మెట్లు ఎక్కింది. అద్దాల్లో చీరలు, హోటల్లోంచి నేతి వాసన. చీర చూసి పొండమ్మా అని అంగడివాడు బతిమాలాడు. ఆ మర్యాద వింటే ఆమెకు ఒళ్ళు మండింది. ఇదే నోరు మొన్నటిదాకా ఒసే, పోవే అంటుండేది కదా!

తోటలో అందరూ కలిశారు. గునపంతో ఇనుప మూత పక్కకు నెట్టారు. మొదటి చేద దిగింది. ఫౌంటెన్ చూడవచ్చిన నిజమైన యాత్రికులు ఇదేదో వింతనుకుని చుట్టూ మూగారు. కొందరు దోసిలి పట్టి తాగారు కూడా. మేనేజరు ఫోను దగ్గరికి పరిగెత్తాడు.

పోలీసు వ్యాను వచ్చేసరికి తోట నిండా గుండ్లే. ఇన్‌స్పెక్టరు కాపలావాణ్ణి ముందుకు తోసి, ఎల్లప్పను చూపించమన్నాడు. వాడికి ఎటు చూసినా గంధం పూసిన తలలే. బిక్కచచ్చిపోయి, పొడుగ్గా ఉన్న ఒకాయన వైపు వేలు చూపించాడు. ఆయన పాలమూరు నుంచి పెళ్ళాం బిడ్డలతో వచ్చిన రైతు. నేను కాదని అరిచేలోపే లాఠీలు పడ్డాయి. కొత్తగా గీసిన తల మీద చర్మం చిట్లి గంధం ఎర్రబడింది.

ఎల్లప్ప లేవబోయాడు. మునిలక్ష్మి అతని చేయి రెండు చేతులతో పట్టేసుకుంది. అతను కదలకుండా కూర్చుంటే చాలు. ఆ పాలమూరాయన్ను వ్యాన్లో వేసుకుని పోతారు, పొరపాటని తెలిశాక వదిలేస్తారు, ఈలోపు తన మొగుడు పాకాల చేరతాడు. ఇంతలో ఇంకో దెబ్బ పడింది. ఆ రైతు భార్య, ఆమెదీ గుండే, లాఠీకి అడ్డం పోయి కింద పడింది. ఎల్లప్ప పెళ్ళాం మొహంలోకి చూశాడు. మునిలక్ష్మి చేయి వదిలేసింది.

"ఎల్లప్పను నేనబ్బా," అంటూ అతను ముందుకు నడిచాడు. "నేనీడుండాను. ఆయన్ని ఇడిసిపెట్టు."

దొరికినందుకు పదింతలు కొట్టారు. ఈడ్చుకుపోయి వ్యాన్లో పడేశారు. అతను వ్యాను అంచు మీద మోచేయి ఆనించి, బావి ఇడవద్దండి అన్నది అందరికీ వినిపించింది. తలుపు పడింది.

మునిలక్ష్మి చేద నీళ్ళు తీసుకుపోయి ఆ రైతు తల కడిగింది. ఆయన భార్యకు తాగడానికి ఇచ్చింది. తన మొగుడి వల్ల పడిన దెబ్బలకు ఏమనాలో తెలియక, తప్పయిపోయిందన్నా, మీరు పొండి, మీ రైలు పోతుందని చెప్పింది. ఆ రైతు ఎందుకు, ఏమిటి అని అడిగాడు. ఆమె బావి కథ చెప్పింది. చుట్టూ ఉన్న యాత్రికులూ విన్నారు.

ఇన్‌స్పెక్టరు వెనక్కి వచ్చి, యాత్రికులంతా బయటికి పోవాలి, పేటవాళ్ళు మాత్రం ఇక్కడే ఉండాలి, రెండో వ్యాను వస్తోందని కేకేశాడు.

పాలమూరు రైతు తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. బావి గట్టు మీద తిరుమలమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"రైలు రేపు గూడ ఉంటది," అన్నాడు.

ఆయన పెళ్ళాం పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ పక్కన మరొకాయన. వాళ్ళ వెనక ఎవరో, ఏ ఊరి వాళ్ళో, ఒకరి తరువాత ఒకరు. గేటు దాకా కింద కూర్చున్న జనమే. వాళ్ళలో ఎవరు మిట్టపేటో ఎవరు కాదో ఇన్‌స్పెక్టరుకు తెలియలేదు. మునిలక్ష్మికీ తెలియలేదు.