తిన్న అరగంటకు

మల్‌సున్ బల్ల అంచు మీద రెండుసార్లు చరిచింది. వెల్లకిలా ఉన్నావిడ బోర్లా తిరిగింది. ఒక చరుపుకి పక్కకి, రెండింటికి బోర్లా. కొరియాలో యోంగ్డో దీవిలోని ఈ స్నానాలశాలలో ఇరవై ఆరేళ్లుగా ఇదే పద్ధతి, నోరు తెరిచి చెప్పక్కర్లేదు. గరుకు సంచి చేతికి తొడుక్కుని మెడ దగ్గర మొదలుపెట్టి నడుం దాకా ఒకే ఊపున రుద్దింది. మట్టి నలుగుపిండిలా ఉండలు కట్టి రాలుతోంది. ముంతెడు గోరువెచ్చని నీళ్లు పోసి కడిగేసి, మళ్లీ మెడ దగ్గరికి వచ్చింది.

ఆమెకి యాభై ఎనిమిది. పొట్టి మనిషి. ఒళ్లు రుద్దే ఆడవాళ్లందరిలాగే నల్లటి లోదుస్తులే పనిబట్టలు. ముంజేతులు మాత్రం మగవాడికుండాల్సినంత లావు. వేళ్ల కొసలు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉంటాయి. గడ్డం కింద ఒక పాత కుట్ల మచ్చ. నిచ్చెన మీంచి పడ్డానని చెబుతుంది. అది అబద్ధం.

ఆమె చెయ్యి ఉన్నట్టుండి వీపు మధ్యలో ఆగిపోయింది.

"ఏంటి మల్‌సున్, నిద్రపోతున్నావా?" అంది బల్ల మీదావిడ.

ఎంతసేపు ఆగిందో మల్‌సున్‌కి తెలియలేదు. "సంచి జారింది" అంది. పక్క బల్ల దగ్గర ఇంకొకావిడ ఒళ్లు రుద్దుతున్న బున్‌రే తలెత్తి తనవైపే చూస్తోంది. ఎందుకా చూపు? బల్ల మీదున్న ఈ చేపల వేలంపాటల ఆవిడ ప్రతి బుధవారం తన దగ్గరికే వస్తుంది. ఆవిణ్ణి తన బల్ల మీదికి లాక్కోవాలనే బున్‌రే ఎదురుచూపు అని మల్‌సున్‌కి గట్టి అనుమానం.

అసలు నెల రోజులుగా బున్‌రే మీద ఆమెకి నమ్మకం లేదు. అంతకుముందు పొద్దున్నే తొమ్మిదింటికి బాయిలరు గది వెనక చాప వేసుకుని అందరూ కలిసి అన్నం తినేవారు. తిన్నాక మల్‌సున్ తువ్వాళ్ల బొత్తుల చాటుకి వెళ్లి, గోడ గడియారంలో అరగంట అయ్యేదాకా తువ్వాళ్లు మడతపెట్టి, పొట్లం చింపుకుని మాత్రలు మింగేది. ఒకరోజు బున్‌రే చూసేసింది.

"అక్కా, ఏంటది? సన్నబడే మందా? నాకూ చెప్పొచ్చుగా" అని నవ్వింది.

మర్నాటి నుంచి మల్‌సున్ వాళ్లతో తినడం మానేసింది. ఆకలి లేదంది. తినకపోతే మందెలా వేసుకోవడం? పొట్లం మీద అచ్చు వేసి మరీ ఉంటుంది: 'ఉదయం. భోజనమైన అరగంటకు.' ఖాళీ కడుపున మందు పడితే పేగులు కోసేస్తుందని వాళ్లమ్మ కూడా అనేది. అందుకని రాత్రివి ఇంట్లో అన్నం తిన్నాక వేసుకుంటోంది, పొద్దుటివి అలమరలో ఖాళీ ఉప్పు డబ్బాలో దాచేస్తోంది. ఆమె లెక్కలో అది మానడం కాదు, నియమం తప్పకపోవడం.

పంతొమ్మిదో ఏట చెప్పుల ఫ్యాక్టరీలో అట్టలకి జిగురు రాస్తూ పడిపోయింది. గడ్డం ఇనప బల్లకి తగిలి చీలింది. నెల తిరక్కుండానే పనీ పోయింది, కుదిరిన సంబంధమూ పోయింది. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో రెండోసారి. అక్కడ ఆమె కంచం విడిగా పెట్టారు. ఆ కంచాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ముద్ద దిగదు. నీళ్ల దగ్గర పని వద్దని డాక్టరు అన్నాడు. మరి ఏ పని దొరుకుతుందో ఆయన చెప్పలేదు. మందు పుణ్యమా అని పదకొండేళ్లుగా మూర్ఛ ఆమె జోలికి రాలేదు. కానీ సంగతి బయటపడితే ఈ బల్ల రేపటికి ఇంకొకరిది. అందుకే రెండు స్టాపులు బస్సెక్కి, తెలిసినవాళ్లెవరూ రాని మందుల షాపుకి వెళుతుంది.

బుధవారాలు పన్నెండింటికే మూసేసి తొట్లు కడుగుతారు. మల్‌సున్ బట్టలు మార్చుకోవడానికి వెళితే అలమర మీద కాగితంలో రెండు కాల్చిన గుడ్లు ఉన్నాయి. మూడు వారాలుగా రోజూ ఇదే. బున్‌రే పెడుతోంది. మల్‌సున్ రోజూ వాటిని పెరట్లో పిల్లికి వేస్తోంది. ఊరికే గుడ్లు పెట్టేవాళ్లు ఎక్కడుంటారు?

"ఇవాళైనా తిను అక్కా" అంది బున్‌రే వెనక నుంచి. గొంతు తగ్గించింది. "తింటే కదా మందేసుకునేది. నాకు తెలుసులే. మా చెల్లికీ ఉండేది."

మల్‌సున్ ఏమీ వినపడనట్టు తాళం వేసుకుని బయటపడింది. మందుల షాపుకి వెళ్లే బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే గుబులు. తెలుసంది. ఎవరికి చెప్పిందో. యజమానురాలికి చెప్పే ఉంటుంది.

మందుల షాపామె చీటీ అందుకుంది.

"రాత్రివి చాలు. పొద్దుటివి ఉన్నాయి" అంది మల్‌సున్.

షాపామె కళ్లజోడు పైకి తోసుకుంది. "ఎలా ఉన్నాయమ్మా? రెండూ ఒకేసారి అయిపోవాలే."

"తినని పూట వేసుకోలేదు."

"అలా ఎవరు చెప్పారు మీకు? భోజనం మాట గుర్తుండటానికి వేస్తామంతే. ఈ మందుకి తిండితో పని లేదు. తిన్నా తినకపోయినా రోజూ అదే వేళకి పడాలి. మధ్యలో మానేస్తే ఫిట్స్ మళ్లీ వస్తాయి. అలాగని మిగిలినవన్నీ కలిపి వేసుకోకండి. ఈ నెలలో ఎన్ని తప్పాయో ఇవాళే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. వచ్చాయా మధ్యలో ఏమైనా?"

"రాలేదు."

పొద్దున వీపు మీద ఆగిపోయిన చెయ్యి గుర్తొచ్చింది కానీ చెప్పలేదు. షాపామె రెండు పూటలవీ కట్టి ఇచ్చింది. మల్‌సున్ పొట్లాలు తిప్పి చూసింది. మళ్లీ అదే అచ్చు. తిండితో పని లేకపోతే ఇదెందుకు వేస్తారు? అమ్ముకునేవాళ్లు అమ్ముకోవడానికి ఎన్నైనా చెబుతారు. అచ్చులో ఉన్నమాట మాత్రం ముప్పై తొమ్మిదేళ్లుగా మారలేదు.

తిరిగొచ్చేసరికి యజమానురాలు గల్లాపెట్టె దగ్గర టీవీ చూస్తోంది. మల్‌సున్ ఆమె మొహంలోకి దొంగచూపు చూసింది.

"వేడినీళ్ల తొట్టి మూలల్లో నాచు పట్టింది, గట్టిగా తోము" అందామె టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అంతే. ఇంకేమీ లేదు. అంటే బున్‌రే చెప్పలేదు. పొట్లం చూసి నెలైంది, గుడ్లు పెట్టడం మొదలుపెట్టి మూడు వారాలైంది, ఒక్క మాట బయటికి పోలేదు. మల్‌సున్‌కి సిగ్గేసింది. పిల్లి గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

అలమర మీది గుడ్లు తెచ్చుకుని, బాయిలరు గది వెనక చాప మీద కూర్చుని ఒకటి ఒలుచుకుంది. తడి బట్టలు గంపకెత్తుకుని డాబా మీదికి పోతున్న బున్‌రే గుమ్మంలో ఆగింది.

"పిల్లి పస్తా ఇవాళ?"

"నీకెలా తెలుసు?"

"దాని పొట్ట చూడు, ఈనేలా ఉంది."

మల్‌సున్ నోట్లో గుడ్డుతోనే నవ్వింది. ఎన్నాళ్లకో ఆమె మనసు తేలికపడింది. "వేసుకుంటాలే" అంది.

"తినేశావుగా. అరగంట ఆగి వేసుకో" అని బున్‌రే మెట్లెక్కింది.

గడియారం ఒంటిగంటా ఇరవై అయిదు చూపిస్తోంది. రెండుకి అయిదు నిమిషాలు తక్కువకి వేసుకోవాలి. మల్‌సున్ పొట్లం తీసి పెట్టుకుంది, గ్లాసులో నీళ్లు పోసి పెట్టుకుంది. అరగంట ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు. బ్రష్షు పట్టుకుని వేడినీళ్ల తొట్టిలోకి దిగింది. బిరడా తీసి చాలాసేపైంది, నీళ్లు పిక్కల దాకా తగ్గాయి. మూల దగ్గర వంగి నాచు తోమడం మొదలుపెట్టింది. గోడకవతల యజమానురాలి టీవీలో ఎవరో పాడుతున్నారు.

బున్‌రే రెండుం పావుకి దిగి వచ్చింది. తొట్టిలో నీళ్లన్నీ అప్పటికే పోయాయి. మల్‌సున్ తడి గచ్చు మీద బోర్లా పడి ఉంది, బ్రష్షు చేతిలోనే ఉంది. బున్‌రే ఆమెని పక్కకి తిప్పింది, పిలిచింది, మళ్లీ పిలిచింది. అంబులెన్సు వాళ్లు వచ్చి చూసి, తొందరేమీ లేనట్టు నెమ్మదిగా మోసుకుపోయారు.

సాయంత్రం బున్‌రే గ్లాసు కడుగుదామని బాయిలరు గది వెనక్కి వెళ్లింది. చాప మీద ఒలిచిన గుడ్డు పెంకులు ఒక పక్కకి పోగుచేసి ఉన్నాయి. పక్కన నిండు గ్లాసు నీళ్లు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా రెండో గుడ్డు బరువు పెట్టిన పొద్దుటి పొట్లం, ఇంకా మూల చింపనిది.