వంటింటి కింద వాగు

గిన్నెలు కడగడం అయిపోయింది. కుళాయి కట్టేసింది. అయినా నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

మళ్ళీ బిగించింది. చుక్క పడటం లేదు. చప్పుడు మాత్రం కాళ్ళ కిందినుంచి వస్తోంది. పైపు కారితే వచ్చే బుస ఆమెకు బాగా తెలుసు. నగర నీటి శాఖలో పద్నాలుగేళ్ళుగా ఆమె ఉద్యోగమే అది. చెవులకు పరికరం తగిలించుకుని రోడ్ల మీద వంగి, భూమి లోపల ఏ గొట్టం ఎక్కడ కారుతోందో విని చెబుతుంది. తోటి ఇంజనీర్లు ఆమెను డాక్టరమ్మ అంటారు, మెచ్చుకుని కాదు. ఇది మాత్రం బుస కాదు. మూసిన నోటితో ఎవరో ఆగకుండా ఏదో చెప్పుకుపోతున్నట్టుంది.

"ఏమండీ, వంటింటి కింద నీళ్ళ చప్పుడు."

భర్త బూట్లు తొడుక్కుంటూ తలెత్తలేదు. "అక్కడ పైపే లేదు. ఆఫీసును ఇంటికి తెచ్చుకోకు. నా డబ్బా సర్దావా?"

"చెవిలో కాస్త నూనె చుక్క వేసుకోవే, పోతుంది," అంది హాల్లోంచి అత్త.

డబ్బా సర్దింది. ఆయన మాత్రం ఆఫీసును రోజూ ఇంటికి తెస్తాడు. ఆ ప్లానులు పరచడానికి ఆమె భోజనాల బల్ల ఖాళీ చేసి పెడుతుంది. వీధి చివరి పార్కు కింద కట్టబోయే పెద్ద ట్యాంకు ఆయన డిజైను. ఏటేటా వానలు ముంచెత్తుతున్నాయి కదా, ఆ నీటిని అందులో దాచితే వీధులు మునగవు, ఎండాకాలం వాడుకోవచ్చు. మంచి పథకమే. దాని రిపోర్టులో నేల గురించిన అధ్యాయమంతా ఆ బల్ల దగ్గరే ఆమె రాసింది. అచ్చయ్యాక అందులో ఆమె పేరు లేదు. ఇప్పుడు మాత్రం ఆమె సంతకం కావాలట. "భూగర్భంలో ప్రవాహాలు లేవు" అన్న కాగితం మీద, శుక్రవారంలోగా.

ఆదివారం మధ్యాహ్నం భర్త సైటుకు వెళ్ళగానే ఇంటి వాల్వు కట్టేసింది. లైన్‌మన్‌కు ఫోన్ చేసి వీధి నీళ్ళ లైను కూడా కట్టించింది. ఏ గొట్టంలోనూ నీరు కదలని ఆ వేళ, వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని పరికరం నేలకు ఆనించింది. చప్పుడు ఇంకా దగ్గరైంది. ఆమె జరిగితే అదీ ముందుకు జరిగింది. ఆమె ఆగితే, తన కోసం ఆగినట్టే అనిపించింది. అరచేతి కింద గచ్చు చల్లగా, సన్నగా వణుకుతోంది.

తలెత్తితే గుమ్మంలో అత్త.

"అక్కడ కాదమ్మా," అంది మెల్లగా. "కాస్త ఎడమకి."

ఆమె పరికరం ఎడమకి జరిపింది.

"ఈ ఇంటికొచ్చిన కొత్తలోనే విన్నాను. మీ మామగారికి చెబితే పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నాలుగు నెలలు మాత్రలు. ఇంకా వినిపిస్తోందా అని రోజూ అడిగేవారు. ఓ రోజు లేదన్నాను. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి."

"మరి మీకు?"

"నాకేముంది? నలభై ఏళ్ళు దాని మీదే నిలబడి వండాను."

చెప్పులు విడిచి నడవడం మొదలుపెట్టింది అత్త. వెనక గదిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి, కళ్ళు సగం మూసుకుని, పిలిచినవాళ్ళ వెంట పోతున్నట్టు. కోడలు వెనకే నడిచి ప్రతి మలుపులోనూ పరికరం ఆనించింది. ఎక్కడా అత్త అడుగు తప్పు పడలేదు. ఆ దారి తిన్నగా పార్కులోకి, ట్యాంకు కోసం పాతిన గుంజల నడుమకి పోయింది. ఎప్పుడో పూడ్చేసిన వాగు. అక్కడ గోడ లేపితే నీళ్ళు ఆగిపోవు, పక్కకు తిరిగి వీధిలోని ఇళ్ళ కింద మట్టినంతా తోడేస్తాయి.

సాయంత్రం ఆమె ప్లాను మీద గీసిన వాగు గీతను భర్త చాలాసేపు చూశాడు.

"డిజైనంతా మొదటికొస్తుంది. అమ్మ మాట పట్టుకుంటావా? అప్పట్లో అమ్మకి ఆరోగ్యం బాగుండేది కాదు, నీకు తెలీదు." తర్వాత ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అడిగాడు. "నువ్వు కూడా ఓసారి డాక్టరుకి చూపించుకోరాదూ?"

బట్టలు మడతపెడుతున్న అత్త చేతులు ఆగిపోయాయి.

శుక్రవారం మీటింగులో ఆమెకు ఎప్పటిలాగే ప్రొజెక్టరు పక్క కుర్చీ వేశారు, బొమ్మలు మార్చడానికి. చీఫ్ ఇంజనీరు కాగితం ముందుకు తోశాడు. "లేవు" అన్న మాట కొట్టేసి "ఉన్నాయి" అని రాసి, సంతకం పెట్టింది.

"నువ్వొక్కదానివి విన్నావని తవ్వమంటావా డాక్టరమ్మా?" నవ్వాడాయన.

"ఒక్కదాన్ని కాదు సార్." వెళ్ళి తలుపు తీసింది. బయట బెంచీ మీద కూర్చున్న అత్త లేచి లోపలికి వచ్చింది. బల్ల అవతల కూర్చున్న కొడుకు చటుక్కున లేచి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

మంగళవారం పార్కులో తవ్వారు. నిలువెత్తు లోతు దిగగానే మట్టి నల్లబడింది. యంత్రం ఆపేశారు. అప్పుడు వినిపించింది అందరికీ. కూలీలు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. గుంటలో నీళ్ళు తాపీగా, ఆ చివర్నించి ఈ చివరికి నడిచి వెళ్ళాయి.

భర్త తల్లి పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పట్నించి వినిపిస్తోందమ్మా?"

"నువ్వు కడుపులో ఉన్నప్పట్నించీ," అంది ఆవిడ. "నువ్వూ విన్నావు."