రోజూ కడిగిన కారు

శేషారత్నానికి బ్యాంకులో ప్రమోషన్ రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు పిల్లలు చిన్నవాళ్లని వదులుకుంది. ఇప్పుడు పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు గానీ, ఆమె నడుం నొప్పే అడ్డం పడింది. బందరు నుంచి బెజవాడకి రానూపోనూ నూట నలభై కిలోమీటర్లు. రోజూ బస్సులో తిరిగితే నెల తిరక్కుండా మంచమెక్కుతారని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. జూన్ రెండో తేదీకల్లా బెజవాడ బ్రాంచిలో ఆఫీసరుగా చేరాలి. చేరకపోతే రిటైరయ్యేదాకా బందరులో అదే కౌంటరు, అదే కుర్చీ.

"అయితే కారు కొందాం" అన్నాడు భర్త గోపాలకృష్ణమూర్తి.

ఆ మాటన్నందుకు ఆమె ఆయన్ని మనసారా మెచ్చుకుంది. మర్నాటి నుంచే ఆ మెచ్చుకోలు తగ్గడం మొదలైంది.

కొత్త కారు కొనే తాహతు లేదు కాబట్టి పాత కారే చూడాలి. గోపాలకృష్ణమూర్తి కాలవల ఆఫీసులో గుమాస్తా. ఏ పనికైనా ఫైలు తెరవందే ఆయనకి చెయ్యాడదు. కార్లకీ ఒక ఫైలు తెరిచాడు. గుడివాడలో ఒక కారు చూసొచ్చి రంగు మరీ ముదురన్నాడు. అవనిగడ్డలో ఒకటి చూసొచ్చి హారన్‌లో మర్యాద లేదన్నాడు. మర్యాదగా మోగే హారన్ ఈ భూమ్మీద ఎక్కడుందో ఆయనకే తెలియాలి. డ్రైవింగ్ స్కూలుకి వెళ్లి, లైసెన్సు తెచ్చుకుని, రేపు స్టీరింగ్ పట్టుకోబోయే శేషారత్నం మాత్రం ఒక్క కారూ చూడలేదు. ఆడవాళ్లకెందుకని ఆయన నోరు తెరిచి అనలేదు. అనకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు.

మే నెల సగమయ్యాక ఒక సాయంత్రం ఆయన మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

"దొరికింది రత్నం! మా కోదండరామయ్యగారి కారు! తొమ్మిదేళ్లనాటిదన్నమాటే గానీ ఎలా ఉందనుకున్నావు? అద్దం. అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. మాటిచ్చేశాను."

కోదండరామయ్యగారు రిటైరైన ఇంజనీరు. గోపాలకృష్ణమూర్తికి ఇరవయ్యేళ్లు పై అధికారి. ఆయన ముందు మనవాడు ఇప్పటికీ కుర్చీ అంచునే కూర్చుంటాడు.

"నేను చూడకుండానే మాటిచ్చేశారా?"

"సార్ కారుని అనుమానిస్తామా?" అన్నాడాయన, గుళ్లో చెప్పులతో తిరిగిన మనిషిని చూసినట్టు ఆమెని చూస్తూ.

మర్నాడు బ్యాంకుకి మహాలక్ష్మి వచ్చింది. గిలకలదిండి రేవులో చేపలు కొని, సొంత వ్యాన్లలో రోజూ బెజవాడ మార్కెట్‌కి పంపే మనిషి. మొదటి వ్యానుకి లోను ఇప్పించిన దగ్గర్నుంచి ఆవిడకి శేషారత్నమంటే అభిమానం. కారు సంగతి వినగానే చీర కొంగు నడుముకి బిగించింది.

"కొనండి మేడంగారూ, కాదన్ను. కానీ ఒక్కసారి నన్ను తీసుకెళ్లండి. నేను బండిని పైనించి చూడనండీ, కిందనించి చూస్తాను."

ఆదివారం పొద్దున ముగ్గురూ కోదండరామయ్యగారింటికి వెళ్లారు. చేపల వ్యాపారం చేసే ఆవిడకి కార్ల సంగతేం తెలుసని గోపాలకృష్ణమూర్తి దారిపొడుగునా గొణిగాడు. "ఆవిడ వ్యాన్లు రోజూ బెజవాడ వెళ్లొస్తాయి. మీ ఫైలు ఎన్నిసార్లు వెళ్లిందేం?" అంది శేషారత్నం.

వాకిట్లో తెల్లకారు నిజంగానే తళతళలాడుతోంది. చక్రాలు కూడా తుడిచి ఉన్నాయి. కోదండరామయ్యగారు పక్కనే తువ్వాలు భుజాన వేసుకుని నుంచున్నారు. కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రిలా ఉంది ఆయన మొహం. శేషారత్నానికి ఆ కారు చూడగానే నచ్చేసింది. అందులో బెజవాడ బ్రాంచి ముందు దిగుతున్నట్టు కూడా ఊహించేసుకుంది.

మహాలక్ష్మి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అడిగింది. "ఏ నీళ్లతో కడుగుతారండీ?"

"మా బోరు నీళ్లేనమ్మా. రోజూ నాలుగు బకెట్లు. పైనా కిందా పైపు పెట్టి మరీ కొడతాను. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు తప్పలేదు" అన్నారు ఆయన గర్వంగా.

మహాలక్ష్మి నేలమీద చతికిలబడి, తలుపు కింది అంచు లోపలికి చెయ్యి పెట్టి, అక్కడ పేరుకున్న తెల్లటి పొరని గోటితో గీకింది. వేలు నాలిక్కి తాకించుకుంది.

"ఉప్పండీ" అంది.

గోపాలకృష్ణమూర్తి సిగ్గుతో చచ్చిపోయాడు. పెద్దమనిషి కారుని నాకిన మనిషిని తీసుకొచ్చిన పాపం ఏ గంగలో కడుక్కోవాలో ఆయనకి తోచలేదు. ఆవిడ మాత్రం లేచి, డ్రైవరు సీటు ముందున్న మ్యాట్ ఎత్తి, బొటనవేలితో కింద రేకుని నొక్కింది. రేకు అప్పడంలా విరిగింది. కన్నంలోంచి వాకిట్లో ముగ్గు కనిపించింది.

"మా మొదటి వ్యాను ఇలాగే పోయిందండీ. చేపల పెట్టెల్లోంచి ఉప్పునీళ్లు కారి కారి అడుగంతా తినేసింది. బందరు బోరు నీళ్లూ ఉప్పే కదండీ. పైన తుడుస్తారు, ఆరిపోద్ది. కింద ఎవరు తుడుస్తారండీ?"

కోదండరామయ్యగారు వంగి ఆ కన్నంలోకి చూశారు. ఏ కాలవలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో చూడగానే చెప్పగలిగిన మనిషి. జీవితమంతా నీళ్లని లెక్కకట్టి, తన వాకిట్లో నీళ్ల దగ్గర తప్పులో కాలేశారు.

"అయితే... కడక్కుండా వదిలేస్తే?" అన్నారు నెమ్మదిగా.

"ఇంకో పదేళ్లు తిరిగేదండీ."

శేషారత్నానికి జాలేసింది. పాపం, ఆయన ప్రేమగానే కడిగారు. భర్త వంక చూసింది. ఆయన నీళ్లు నములుతూ, "చిన్న కన్నమేగా సార్... రేకు ముక్క వేయిస్తే సరిపోతుంది..." అంటున్నాడు. సార్ మనసు నొప్పించడం కన్నా భార్య రోడ్డుమీద కాళ్లు పెట్టుకుని వెళ్లడమే నయమనుకున్నాడు కాబోలు. ఆమెకి ఒళ్లు మండింది. పిల్లల పేరు చెప్పి ఒకసారి వదులుకుంది. ఇప్పుడు మొహమాటం పేరు చెప్పి వదులుకోవాలా?

"సార్, క్షమించండి. ఈ కారు నాకొద్దండి" అంది. "రోజూ లారీల మధ్య నడపాల్సింది నేను. నా కాళ్ల కింద రేకు గట్టిగా ఉండాలి."

గోపాలకృష్ణమూర్తి కళ్లు మూసుకున్నాడు. కోదండరామయ్యగారు మాత్రం భుజం మీద తువ్వాలు తీసి మడత పెట్టారు. "నువ్వు అడగలేదు గానీ అమ్మా, ఈ కన్నం చూశాక అడిగితే నేనూ వద్దనే చెప్పేవాణ్ణి" అన్నారు. అని, లోపలికి వెళ్లి ముగ్గురికీ ఆయనే స్వయంగా కాఫీ తెచ్చారు.

మంచినీళ్ల ఊళ్లో బండి చూడమంది మహాలక్ష్మి. అలా దొరికింది నందివాడలో జ్ఞానయ్యగారి డీజిల్ కారు. ఆయన పల్లెవైద్యుడు. చూపు ఆనడం మానేశాక కారుని షెడ్డులో పెట్టేశాడు. దాన్ని కడగడమన్నది ఆయన ఎరగడు. వాన కురిసినప్పుడు స్నానం, లేనప్పుడు లేదు. టాపు మీద కోడి పడుకుని ఉంది. సీట్ల నిండా మందుల వాసన. గోపాలకృష్ణమూర్తి ముక్కు మూసుకున్నాడు. శేషారత్నం చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఈసారి తనే వంగి, కింద గోటితో గీకింది. మట్టి రాలింది. దాని వెనక రేకు రాయిలా ఉంది. కోడిని దింపి, గుడివాడ దాకా తనే నడిపి చూసింది. బండి ఘీంకరించింది గానీ ఎక్కడా తడబడలేదు.

"ఇదే" అంది. ఫైలు తెరవడానికి ఆయనకి వ్యవధి దొరకలేదు.

జూన్ రెండున ఆయన సెలవు పెట్టి మరీ పక్క సీట్లో కూర్చున్నాడు, తోడుగా. గూడూరు దాటకముందే ఆ తోడు బరువు తెలిసింది. "లారీ! లారీ వస్తోంది! గేరు మార్చు. ఎందుకు మార్చావు? గేదె! అదిగో గేదె!" గేదె పొలంలో ఉంది. పామర్రు సెంటర్లో శేషారత్నం కారుని బస్టాపు పక్కకి తీసి ఆపింది.

"దిగండి."

"ఏమైంది? టైరా?"

"బందరు బస్సు ఇక్కడే ఆగుతుంది. సాయంత్రం ఏడుకల్లా వస్తాను. అన్నం వండి ఉంచండి."

ఆయన దిగాడు. దిగి, తలుపు వేసి, కిటికీలోంచి ఏదో చెప్పబోయి, చివరికి "జాగ్రత్త" అని ఊరుకున్నాడు. ఆ మాట ఆమెకి బాగా నచ్చింది. ఉయ్యూరు దాటేసరికి తను ఏదో పాట కూనిరాగం తీస్తున్నట్టు గమనించింది.

పదికి పావు తక్కువకి బెజవాడ బ్రాంచి ముందు బురద కారు ఆగింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, కారులోకి తొంగిచూసి, "డ్రైవరేడండీ మేడం?" అని అడిగాడు.

"ఇక్కడే ఉన్నాను బాబూ. తోడుగా వచ్చినాయన్ని పామర్రులో దింపేశాను" అని, ఆమె జాయినింగ్ రిపోర్టు చేతపట్టుకుని లోపలికి వెళ్లింది.