నిండు గిన్నెల ఆదివారం

“పిండి ఇంకా సన్నగా వత్తు. మందంగా ఉంటే లోపల పచ్చిగా ఉండిపోతుంది. మీ అమ్మ నేర్పలేదా?” అంది తుర్సున్, వంటింటి గడప మీద నిలబడి.

బెగాయిమ్ వత్తడం ఆపలేదు. తన తల్లి పోయి నాలుగేళ్ళయిందని అత్తగారికి బాగా తెలుసు. పెళ్ళిమాటలప్పుడు “తల్లి లేని పిల్ల, నాలో తల్లిని చూసుకుంటుంది ప్రభువా” అని కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేసింది ఆవిడే. ఆ ప్రార్థన ఎంత బాగుందంటే బెగాయిమ్ కూడా ఏడ్చేసింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆ తల్లి లేనితనాన్నే తీసి పిండిలోనో పులుసులోనో పడేస్తుంది. బెగాయిమ్ పిండిని చిన్న చిన్న ముక్కలుగా కోసి కాగిన నూనెలో వేసింది. అవి బుడుంగున మునిగి, పొట్టలు ఉబ్బించుకుని, బంగారు రంగులో పైకి తేలాయి. అలా తేలుతుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది. పెళ్ళయి ఏడు వారాలేగా, నవ్వు తెప్పించేవి ఇంకా చాలా ఉన్నాయి. పొద్దున్నే మంచుకొండల మీద పడే గులాబీ రంగు, ఎండబెట్టిన ఆప్రికాట్ల మీద గొడవపడే పిచ్చుకలు, మొగుడు ఎర్నిస్ పక్కనుంచి వెళ్తూ ఎవరూ చూడకుండా ఆమె ఏప్రన్ జేబులో వేసే ఒక్క అక్రోటు కాయ. అక్రోటు దొరికిన రోజు కోపం రావడం కాస్త ఆలస్యమయ్యేది. ఒక్క కాయకు ఇంత చవగ్గా దొరికిపోతున్నానేమిటని తన మీద తనకే కోపం వచ్చేది.

సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో క్రీస్తును నమ్ముకున్న ఇళ్ళు నాలుగు. మిగతా ఊరి లెక్కలో వాళ్ళు రష్యావాడి దేవుడికి అమ్ముడుపోయినవాళ్ళు. నీళ్ళ పంపు దగ్గర పొరుగింటి సల్తనత్ ఎప్పుడూ అడిగేది ఒకటే. “ఏమే కొత్త కోడలా, చచ్చాక మిమ్మల్నెక్కడ పాతిపెడతారు? మా శ్మశానంలో చోటు లేదు. చేపలకేస్తారా?”

“మీరు ముందెళ్ళి చోటు చూసి చెప్పండి ఎజె,” అని, పెద్దక్కని పిలిచినట్టే పిలిచి నవ్వి, బకెట్లు నింపుకుని వచ్చేసేది బెగాయిమ్. బయటివాళ్ళ తిట్లు భరించడానికి ఆమెకున్న విశ్వాసం సరిపోయేది. ఇంట్లోవాళ్ళ దీవెనలు భరించడానికే సరిపోవడం లేదు.

ఆదివారం ఆ నాలుగిళ్ళవాళ్ళూ ఎర్నిస్ ఇంట్లోనే కూడతారు. సంఘానికి పెద్ద అతనే. అందరి చెప్పులూ లోపలికి తెచ్చి దాచాలి. తెరలు వెయ్యాలి. కింద బట్ట పరిచి టీ, మీగడ, రొట్టెలు సర్దాలి. ఎవరైనా తలుపు తడితే టీకి వచ్చిన చుట్టాలమని చెప్పుకోవాలి కాబట్టి, వాక్యం నడిచినంతసేపూ టీ కూడా నడవాలి. పొయ్యాల్సింది కోడలు. ద్వారం పక్కన, నీళ్ళు మరిగే సమోవర్ దగ్గర ఆమె చోటు. ఒక్కో టీ గిన్నెలో ముందు పాలు, తర్వాత డికాషన్, పైన మరిగే నీళ్ళు. పద్దెనిమిది గిన్నెలు. చివరి గిన్నె అందేలోపు మొదటిది ఖాళీ అయి తిరిగొస్తుంది. అందుకే ఏడు వారాలుగా బెగాయిమ్ దేవుడి మాటను తుంపులు తుంపులుగా వింటోంది. పోయిన ఆదివారం ఎర్నిస్ “అలసిపోయినవాళ్ళతో దేవుడు ఏమంటాడంటే” అనేదాకా విన్నది. ఏమంటాడో తెలిసేలోపు వంటింట్లో పులుసు పొంగింది.

“నేనూ ఒక్కవారం కూర్చుని వింటాను,” అని మొగుడితో అన్నది ఒకసారి.

“సేవ చెయ్యడం కూడా వినడమే బంగారం,” అన్నాడు ఎర్నిస్, ఆమె బుగ్గకంటిన పిండి తుడుస్తూ.

“అయితే మీరూ అలాగే వినొచ్చుగా?”

అతను పడీ పడీ నవ్వాడు. మా ఆవిడ భలే హాస్యం ఆడుతుందని వాళ్ళమ్మకి చెప్పాడు కూడా. వాళ్ళమ్మ నవ్వలేదు.

కానీ ఈ ఆదివారం వేరు. రాజధాని బిష్కెక్ నుంచి బురుల్ ఎజె వస్తోంది. బెగాయిమ్ చదువుకున్న హాస్టల్లో బట్టలుతికే మనిషి ఆమె. తల్లి పోయాక బెగాయిమ్ పదకొండు రోజులు మంచం దిగలేదు. వృక్షశాస్త్రం పుస్తకాలు మంచం కిందే దుమ్ముకొట్టుకుపోయాయి. పన్నెండో రోజు బురుల్ ఎజె నూడుల్స్ పులుసు తెచ్చి, మంచం పక్కన కూలబడి, “దేవుడు బరువు నెత్తిన పెట్టి దూరంగా నిలబడి చూసే రకం కాదమ్మా. రెండో వైపు పట్టుకునే రకం,” అంది. అంతే. ఆ ఒక్కమాట పట్టుకుని బెగాయిమ్ మంచం దిగింది, పరీక్షలు రాసింది, సరస్సు చల్లటి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. ఈ ఇంట్లో రెండో వైపు ఎవరూ పట్టుకోవడం లేదని తెలిశాక, ఆ మాట తనకింకా నిజమేనా అన్న భయం పట్టుకుంది. బురుల్ ఎజె నోటి నుంచే ఇంకోసారి వినాలి. పూర్తిగా వినాలి.

మీటింగు తుర్సున్ సాక్ష్యంతో మొదలైంది. “ఈ వయసులో, ఈ నడుం నొప్పితో, ఇంతమందికి వండిపెట్టే బలం ప్రభువు నాకిచ్చాడు,” అంది గొంతు వణికిస్తూ.

“స్తోత్రం,” అన్నారందరూ. పెద్దాయన జుమాష్ నోట్లో వేయించిన పిండిముక్క నములుతూ, “నీ చేతి రుచి ఊళ్ళో ఇంకెవరికీ లేదు తుర్సున్,” అన్నాడు. బెగాయిమ్ నూనె చిట్లి కాలిన వేలిని నోట్లో పెట్టుకుంది.

బురుల్ ఎజె మోకాళ్ళు పట్టుకుని సర్దుకు కూర్చుంది. “ఇదే నా ఆఖరి రాక. రేపు బస్సెక్కితే మళ్ళీ ఈ ఒడ్డుకి రాను. అందుకే ఎవరికీ చెప్పనిది చెప్తున్నా. మా ఆయన చనిపోయిన ఏడాది నేను ప్రార్థన మానేశాను. దేవుడితో మాటల్లేవు. అప్పుడేమైందంటే...”

తుర్సున్ గిన్నె వచ్చింది. పాలు, డికాషన్, నీళ్ళు. తలెత్తేసరికి అందరూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు. “ఏమంది?” అని పక్కామెను అడిగితే “ష్” అంది. ఏమైంది? దేవుడితో మాటలు మానేసిన మనిషికి ఏమైంది? తనకి కావలసింది సరిగ్గా అదే.

“అప్పటినుంచీ కష్టమొస్తే నేను ఒకటే చేస్తాను...” అంటోంది బురుల్ ఎజె.

“అమ్మాయ్, ఈసారి కాస్త చిక్కగా,” అన్నాడు జుమాష్.

ఆ చిక్కదనంలో అదీ పోయింది. బెగాయిమ్ ఖాళీ గిన్నెలన్నీ దగ్గరికి లాక్కుంది. తొణకకుండా, అంచుల దాకా నింపి, ఒక్కొక్కటీ అందించింది. ఆ దేశంలో అతిథికి సగం గిన్నె పోస్తారు, మళ్ళీ అడగాలని, ఇంకాసేపు కూర్చోవాలని. నిండా పోస్తే తాగి వెళ్ళమని. ఉయ్యాల దిగిన ఆడపిల్లకి కూడా తెలుసు ఆ సంగతి.

ఒక్కరూ గిన్నె నోటి దాకా ఎత్తలేదు.

“ఒళ్ళు తెలిసే పోస్తున్నావా?” అంది తుర్సున్ పళ్ళ బిగువున.

“తెలిసే అపా,” అంది అత్తగారికేసి చూసి.

జుమాష్ తన టోపీ వెతుక్కుంటూ లేచాడు. “ఎనభై ఏళ్ళొచ్చాయి. నిండు గిన్నె నా చేతికి రావడం ఇదే మొదలు.”

ఎర్నిస్ చెవులు ఎర్రబడ్డాయి. “కొత్తది తాతా, చెయ్యి జారింది. క్షమించండి.”

“పద్దెనిమిదిసార్లు జారిందా?”

“జారలేదు తాతా,” అంది బెగాయిమ్. “మిమ్మల్ని పొమ్మని కాదు. అవి ఖాళీ అయ్యేదాకా నా చేతులు ఖాళీగా ఉంటాయని పోశాను.”

“విన్నారా!” అంది తుర్సున్ అందరికేసీ తిరిగి. “వచ్చి రెండు నెలలు కాలేదు, దేవుడి బిడ్డల్ని ఇంట్లోంచి గెంటుతోంది. చదువుకున్నదని ఏరి కోరి తెచ్చుకున్నాం!”

ఎర్నిస్ గొంతు తగ్గించాడు. ప్రసంగం చెప్పేటప్పటి మెత్తటి గొంతు అది. “ముందు క్షమాపణ అడుగు. తర్వాత ఆ గిన్నెలు తీసేసి మళ్ళీ పోసుకురా. నీ సేవ దేవుడు చూస్తూనే ఉన్నాడు.”

“అవును. ఆయనొక్కడే చూస్తున్నాడు.”

ఏప్రన్ ముడి విప్పింది. మడత పెట్టలేదు. టీ కెటిల్ ఎత్తి తీసుకెళ్ళి మొగుడి ముందు పెట్టింది. “ఎవరికైనా కావాలంటే మీరు పొయ్యండి.” అతను ఎవరి బిడ్డనో ఒళ్ళో పెట్టినట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉండిపోయాడు. బెగాయిమ్ ద్వారం పక్కన తన చోటికి వెళ్ళలేదు. ఇద్దరు మగవాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుని, పెద్దలు కూర్చునే పైవరసలో బురుల్ ఎజె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె కూడా లేచి వెళ్ళిపోతే? రేపటి బస్సుతో ఆ మాట కూడా వెళ్ళిపోతే?

బురుల్ ఎజె తన నిండు గిన్నెను రెండు చేతులా ఎత్తి, ఊదుకుని, ఒక గుక్క చప్పుడు చేస్తూ తాగింది.

“భలే వేడిగా ఉంది. ఇది తాగడానికి చాలాసేపు పడుతుంది. కూర్చో జుమాష్,” అని బెగాయిమ్ వైపు తిరిగింది. “ఎక్కడిదాకా చెప్పాను?”

ముగ్గురు నలుగురు అందించబోయారు. వాళ్ళకంటే ముందు బెగాయిమ్ అంది.

“మొదటినుంచీ చెప్పండి ఎజె. నేను ఇప్పుడే వచ్చాను.”